కొండ మీద మూడు దినాలు కాదు, వాడలో ఏడాది ఉండండి

ఎండాకాలం వచ్చిందంటే మా పడమటి మండలాలకు వ్యాన్లు వస్తాయి. బైబిలు బళ్లలో చదివే పిల్లోళ్లు దిగుతారు. హార్స్‌లీ కొండ మీద చల్లగా మూడు దినాలు రిట్రీట్. తరవాత కొండ దిగి మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క పల్లెల్లో ఒక వారం. దీనికి వాళ్ల బడిలో ప్రాక్టికల్ మినిస్ట్రీ అని పేరు. వారం కాగానే ఫోటోలు, రిపోర్టు, మార్కులు. వ్యాను పోతుంది. వాడ ఎక్కడిది అక్కడే.

పుంగనూరు తట్టు ఒక మాలపల్లెలో మేం చూసిందే చెప్తాం. పల్లె పేరు, బడి పేరు వద్దు. రాత్రి కూటం అయిపోయింది. పాటలు బాగా పాడినారు, కాదనడం లేదు. అందరూ లేస్తా ఉంటే ఒక అవ్వ లేవలేదు. గిటారు పట్టుకున్న పిల్లోడిని దగ్గరికి పిలిచింది.

"నాయనా, మా పీనుగుల దోవకు కంచె ఏసినారు. మొన్న నా కోడల్ని ఎత్తుకొని బురదలో గట్టు మింద పడతా లేస్తా పోతిమి. దీనికేమన్నా దావ జూపించు."

"ప్రార్థన చేస్తాం అవ్వా."

"ప్రార్థన నేను జేస్తా. అది నాకొచ్చు. అర్జీ రాసేది రాదు. నువ్వు రాయి."

ఆ పిల్లోడు తల దించుకున్నాడు. "నాకూ రాదవ్వా" అన్నాడు. మూడేండ్లు చదివినాడు. గ్రీకు అక్షరాలు వచ్చు, హీబ్రూ కొంచెం వచ్చు. తహశీల్దారుకు అర్జీ రాసేది రాదు. దాచకుండా నిజం చెప్పినాడు కాబట్టి ఆ పిల్లోడి మీద మాకు కోపం లేదు. వాడూ కూలోళ్ల బిడ్డే. మా కోపమంతా మూడేండ్లు వాడికి ఇది నేర్పని పెద్దల మీద.

మా దగ్గర మెథడిస్టు అనే బోర్డు తక్కువ. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు తట్టు పాత సంఘాలన్నీ ఆర్కాటు మిషనువి, 1947 నుంచి సి.ఎస్.ఐ.లో ఉన్నాయి. తెలంగాణలో మెదక్ తట్టు వెస్లియన్ మెథడిస్టులు కూడా ఆ ఏడే సి.ఎస్.ఐ.లో కలిసినారు. అమెరికా మెథడిస్టులు కలవలేదు, వేరేగా నిలబడినారు. వాళ్ల సంఘాలు మాకు సరిహద్దు అవతల కోలారులో ఉన్నాయి. కుప్పంలో రైలెక్కితే గుడుపల్లె, బిసానత్తం దాటినాక బంగారపేట. 1937లో మొదలైన సౌత్ ఇండియా బిబ్లికల్ సెమినరీ అక్కడే ఉంది. వెస్లీ బాట బడి అది. హైదరాబాదులో ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కాలేజీ ఉంది. 1964లో రాజమండ్రిలో పెట్టి, డెబ్భైలలో హైదరాబాదుకు మార్చినారు. మెథడిస్టులు, లూథరన్లు, బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. వాళ్లు కలిసి నడిపే బడి. ఈ మాటలు ఫలానా బడినని వేలెత్తి చూపడానికి రాయడం లేదు. తెలుగు పల్లెలకు పాదిర్లను తయారుచేస్తామనే అన్ని బళ్లనూ అడుగుతా ఉన్నాం. వాళ్లు నేర్పే చదువులో పల్లె ఎంత?

జాన్ వెస్లీ పేరు చెప్పుకునేవాళ్లను వెస్లీ లెక్కతోనే అడగొచ్చు. 1739లో ఇంగ్లండులో బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ అనే చోట బొగ్గుగని కూలోళ్లున్నారు. వాళ్లను గుడికి పిలిచేవాడు లేడు. ఆయన గుడి గోడ దాటి బయలులో నిలబడి వాళ్లతో మాట్లాడినాడు. బంగారపేట పక్కనే కోలారు బంగారు గనులున్నాయి. నూరేండ్లకు పైగా ఆ గనుల్లోకి దిగినోళ్లలో చిత్తూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల మాల, మాదిగ, పరయ కూలోళ్లు ఎందరో. 2001లో గనులు మూసేసినారు. ఆ ఇండ్లల్లోని పిల్లోళ్లు ఈ పొద్దు తెల్లారకముందే రైలెక్కి బెంగుళూరు కూలికి పోతా ఉండారు. కింగ్స్‌వుడ్ కథ పరీక్షలో రాసిన పిల్లోడికి పక్కనున్న గని లైన్ల కథ తెలుసా?

ఇంకొకటి. 1742లో బ్రిస్టల్‌లో కూటమి ఇంటి అప్పు తీర్చడానికి మనిషికి వారానికి ఒక పెన్నీ చొప్పున వేసుకుందామన్నారు. బీదోళ్లు యాడ తెస్తారని ఒకరు అడ్డం చెప్తే ఇంకొకాయన లేచి, అందరికంటే బీదోళ్లను పదకొండు మందిని నాకు అప్పజెప్పండి, వారం వారం వాళ్ల ఇంటికి పోతా, ఇయ్యలేనోళ్ల వంతు నేనే వేస్తా అన్నాడు. అట్లా పుట్టింది మెథడిస్టుల 'క్లాసు' అనే పన్నెండుమంది గుంపు. మన ఆడోళ్లకు దీన్ని విడమర్చి చెప్పే పని లేదు. పొదుపు సంఘం నడిపే ఏ అక్కనడిగినా చెప్తుంది. వారం వారం ఇంటికి పోయేవాడికే ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో తెలుస్తుంది. వెస్లీ 1747లో బీదోళ్లు ఇంట్లోనే చేసుకునే వైద్యం మీద పుస్తకం రాసినాడు. 1774లో బానిస వ్యాపారానికి ఎదురుగా రాసినాడు. ఆయన విప్లవకారుడేం కాదు, రాజు పక్షం మనిషి. అమెరికా వాళ్లు తిరగబడితే వాళ్లను మందలించినాడు. అటువంటివాడికే బీదోళ్ల ఒళ్లు, అప్పు, సంకెల కనబడినాయి. ఆయన పేరు మోసే బళ్లకు మా పీనుగుల దోవ ఎందుకు కనబడదు?

మా మదనపల్లె తట్టు చరిత్ర కూడా ఒకసారి తిరగెయ్యండి. జేకబ్ చాంబర్లిన్ అనే డాక్టరు దొర 1863లో మదనపల్లెకు వచ్చినాడు. వాక్యం ఒక చేత, మందు ఒక చేత పట్టుకొని ఊర్లు తిరిగినాడు. తెలుగు బైబిలు సవరణలో పనిచేసినాడు. పలమనేరులో ఆర్కాటు మిషను వేదశాస్త్ర బడి పెడితే అందులోనూ చదువు చెప్పినాడు. 1908లో మదనపల్లెలోనే కన్ను మూసినాడు. అంటే పాదిర్లను తయారుచేసే బడి ఒకప్పుడు మా పడమటి మండలాల్లోనే ఉండింది. ఆ బడి ఇక్కడ నిలవలేదు. నిలిచినవి ఆసుపత్రులు. 1911లో మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి, 1915లో ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి. టీబీ అంటే ఇంట్లోనే పళ్లెం వేరుగా పెట్టే కాలంలో ఆరోగ్యవరం పేరు దక్షిణ దేశమంతా తెలిసింది.

దొరలను పొగడడానికి ఇది చెప్పడం లేదు. కొండకు వాళ్ల పేరే పెట్టుకున్నారు కదా. ఏనుగు మల్లమ్మ కొండ అని మనవాళ్లు పిలిచేదాన్ని, కడప కలెక్టరు హార్స్‌లీ బంగళా కట్టుకున్నాడని హార్స్‌లీ హిల్స్ చేసినారు. ఆ కాలం మిషనరీలు చాలామంది ముందు బజారులో నిలబడి బ్రాహ్మలతో వాదం పెట్టుకున్నారు. పెద్ద కులాలు వస్తే కింది కులాలు వెనకాలే వస్తాయనుకున్నారు. పెద్ద కులాలు రాలేదు. మాలలు, మాదిగలు వచ్చినారు, ఎవరూ పిలవకుండానే వచ్చినారు. ఒంగోలు తట్టు చూడండి. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి, ఊరూరా తిరిగి తనవాళ్లకు చెప్పినాడు. 1876-78 కరువు తరవాత అక్కడ వేలమంది బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య ఏ సెమినరీలో చదివినాడు? తోలు పని చేసే చేతులతో, తనవాళ్ల భాషలో, తనవాళ్ల ఆకలి తెలిసి మాట్లాడినాడు. చదువు వద్దని దీని అర్థం కాదు. చదువు లేకనే కదా మనం ఇన్నాళ్లు ఏలుముద్ర వేసింది. పేరయ్యకు తెలిసింది కూడా సెమినరీలో నేర్పండి అంటున్నాం.

ఇప్పుడు పెద్దలు చెప్పే మాటకు వద్దాం. "అర్జీలు, పోలీసు స్టేషన్లు రాజకీయం. సువార్త చెప్పేవాడికి అవెందుకు?" అంటారు. సరే, ఆ అవ్వ కంచె విషయమే తీసుకోండి. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో దానికి సవరణ చేసినారు. దళితులను శ్మశానం, ఉమ్మడి వనరులు అందరితో సమానంగా వాడుకోనీకుండా అడ్డుపడితే అది నేరమని అందులో రాసినారు. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి చేయాలని నియమం ఉంది. ఇది తెలిసినవాడు పక్కనుంటే అవ్వ మాట కాగితమవుతుంది.

కానీ కథ అక్కడితో అయిపోదు. వాడలో సగం ఇండ్లు ఆదివారం గుడికి పోతాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కాని దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను కలిపినారు, 1990లో బౌద్ధులను కలిపినారు. క్రైస్తవ దళితుడిని గడప బయటే నిలబెట్టినారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1977లో జీవో 341 ఇచ్చి, చట్టంతో సంబంధం లేని కొన్ని సౌకర్యాలు మాత్రం క్రైస్తవం తీసుకున్న ఎస్సీలకూ ఇస్తామన్నది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసెయ్యమన్నది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసింది. 2025 ఏప్రిల్‌లో ఏం జరిగింది? కులం పేరుతో తిట్టి కొట్టినారని కేసు పెట్టిన ఒక పాస్టరు విషయంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. క్రైస్తవుడై పదేండ్లుగా పాస్టరుగా ఉన్నవాడు ఎస్సీ కాడు, చేతిలో కుల సర్టిఫికెట్ ఉన్నా ఈ చట్టం వర్తించదు అని కేసు కొట్టేసింది.

తిట్టినవాడు కులం చూసి తిడతాడు. కోర్టు మతం చూసి కొట్టేస్తుంది.

ఇప్పుడు ఆ గిటారు పిల్లోడిని చదువు అయినాక ఈ పల్లెకు పాస్టరుగా పంపినారనుకోండి. అవ్వ అర్జీ మీద సాక్షి సంతకం పెడితే అవతలివాళ్ల వకీలు ఆ సంతకాన్నే పట్టుకుంటాడు. చూడండి, వీళ్లంతా క్రైస్తవులు, చట్టం చెల్లదు అంటాడు. పెట్టకపోతే కష్టంలో పాస్టరు దాక్కున్నాడని వాడ అంటుంది. బాప్తిస్మం రిజిస్టరులో ఒక పేరు, బడి రికార్డులో ఒక పేరు ఉన్న పిల్ల వచ్చి, "అయ్యగారూ, స్కాలర్‌షిప్ ఫారంలో మతం కాడ ఏం రాయాల?" అని అడుగుతుంది. విశ్వాసం దాచొద్దని గట్టిగా చెప్తే పిల్ల చదువు పోతుంది. దాచుకో అంటే అబద్ధం నేర్పిన పాస్టరవుతాడు. మా దగ్గర రెండు రకాల పాస్టర్లూ ఉన్నారు. ఇద్దరిలో ఎవరికీ రాత్రి నిద్ర పట్టదు. ఇంత ముడి ఉన్నచోటికి మనిషిని పంపేవాళ్లు మూడేండ్లలో ఒక పూటన్నా ఈ ముడి గురించి మాట్లాడొద్దా? దీనికి మాకూ తేలిక జవాబు లేదు. వకీలుతో, వాడ పెద్దలతో, ఆ పిల్ల తల్లిదండ్రులతో కూర్చొని ఒక్కొక్క కేసు విడిగా తేల్చుకోవాలి. ఆ కూర్చోవడమే నేర్పమంటున్నాం.

బళ్లలో దళిత థియాలజీ చెప్తున్నాం కదా అంటారు. చెప్తున్నారు. 1981లో బెంగుళూరులో అరవింద్ నిర్మల్ ఆ మాట ఎత్తినాడు, తరవాత మద్రాసు గురుకుల్‌లో దానికొక విభాగమే పెట్టినారు. మంచి పని. కానీ మా తట్టు వచ్చే పిల్లోళ్లను కదిలిస్తే అది ఒక పేపరు, పరీక్షకు పాయింట్లు. దళితుడి దేవుడి గురించి పది పేజీలు రాసినవాడు వాడలో నీళ్లు తాగడానికి వెనకాడి సీసా నీళ్లు అడిగితే ఆ పది పేజీలు ఏం చేసుకోవాలి? మదురైలో తమిళనాడు థియొలాజికల్ సెమినరీ వాళ్లు పిల్లోళ్లను కాంపౌండు బయట మురికివాడల్లో, పల్లెల్లో కాపురముంచి చదివించే పద్ధతి పెట్టినారు. అక్కడి పాదిరి థియోఫిలస్ అప్పావు, జనం 'పరట్టై' అని పిలిచేవాళ్లు, పరై మోత, పల్లెపాట ఆరాధనలోకి తెచ్చినాడు. 2005లో చనిపోయినాడు. మన తెలుగు గుడిలో డప్పు ఇంకా గడప బయటే ఉంది. డప్పు కొట్టేవాడి కొడుకే పాదిరి, వాడికే డప్పంటే సిగ్గు. కీబోర్డు మాత్రం అప్పు చేసైనా కొంటాం.

మన ఇంటి కంపు కూడా చెప్పుకోవాల. 1912లో దోర్నకల్లులో అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయినప్పటి నుంచీ కులం వదలమని పాదిర్లు చెప్తానే ఉన్నారు. ఏం వదిలినాం? మాల గుడి, మాదిగ గుడి అని మనకే తెలుసు. పాస్టరును మార్చేటప్పుడు పెద్దలు మొదట అడిగేది వాడి పేరు కాదు. 1994లో దండోరా మొదలైనప్పుడు గుళ్లలో ఎవరెవరు ఏ బల్ల మీద కూర్చున్నారో చూసినోళ్లు ఇంకా ఉన్నారు. 2024లో వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చినాక మళ్లీ ఆ చూపులే. మాల పిల్లోడిని మాదిగవాడలో, మాదిగ పిల్లోడిని మాలపల్లెలో ఏడాది ఉంచండి. ఆ ఇంటి సంగటి తినమనండి. దీనికి సెమినరీ పెద్దలు ఒప్పుకుంటారో లేదో గానీ, ఒప్పుకోకపోతే కారణం మనకు తెలుసు.

ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. సెమినరీలో చదివే ఆడపిల్లలను పల్లెకు తెచ్చి చిన్నపిల్లలకు బొమ్మల పాటలు నేర్పమంటారు. పాతకాలంలో ఇండ్లలోపలికి పోయి ఆడోళ్ల కష్టం విన్నది బైబిలు స్త్రీలే. జీతం తక్కువ, పేరు లేదు, వాళ్ల ఫోటో ఏ గుడి గోడ మీదా లేదు. కుప్పం తట్టు పట్టుపురుగుల ఇండ్లల్లో, మదనపల్లె టమోటా తోటల్లో ఒళ్లు వంచేది ఆడోళ్లు. ఆ ఆడపిల్లలను వాళ్ల పక్కన వరసలో నిలబెట్టండి. 2023 జులైలో మదనపల్లె యార్డులో టమోటా కిలో రెండొందల దగ్గరికి పోయింది. రైతు కష్టానికి ఆ ఏడు ఫలితం వచ్చింది, సంతోషమే. కోసిన ఆడకూలికి ఆ లెక్కన ఎంత పెరిగింది? ఈ ప్రశ్న అడగాలంటే ముందు ఆమె పేరు తెలియాల.

ఏం చెయ్యమంటారని అడిగితే మా మాట ఇది. వారం వద్దు, ఏడాది ఉండండి. పాస్టరు ఇంట్లో కాదు, వాడలో ఒక గది అద్దెకు తీసుకొని ఉండండి. మొదటి మూడు నెలలు ప్రసంగం చెయ్యొద్దు. నోరు మూసుకొని వినండి. కూలికి పోండి, తెల్లారే రైల్లో బెంగుళూరు పోయి రండి, గ్రానైటు క్వారీలో దుమ్ము ఎట్లా ఉంటుందో ముక్కుతో తెలుసుకోండి. వాడలో ఎవరి భూమి పట్టా ఎవరి చేతిలో ఉందో రాసుకోండి. అర్జీ రాసేది, సమాచార హక్కు కింద కాగితం అడిగేది, ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకునేది సంఘం వాళ్ల దగ్గర నేర్చుకోండి. రేకుల షెడ్డులో గుడి నడుపుతా వారమంతా కూలికి పోయే చిన్న పాస్టర్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. చదువు లేదని సెమినరీ వాళ్లు వాళ్లను లెక్కచెయ్యరు. కొన్నాళ్లు వాళ్ల దగ్గర పంతుల్లా కాదు, బడిపిల్లోళ్లలా కూర్చోండి. వాళ్ల బోధలో తప్పులుంటాయి. జబ్బుకు మందు మానమని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆరోగ్యవరం ఉన్న నేల మీద ఆ మాట చెల్లదని ఏడాది పక్కన ఉన్నవాడు చెప్తే వింటారు. వారానికి వచ్చి చెప్తే వినరు.

మార్కుల సంగతి. ప్రొఫెసరు సగం మార్కులు వేసుకోనీండి. మిగతా సగం వాడ వెయ్యాల. చెట్టు కింద కూర్చొని, పిల్లోడిని నిలబెట్టి, అవ్వలు, కూలోళ్లు, సంఘం పిల్లోళ్లు అడుగుతారు. ఏడాదిలో ఎవరి చావుకు పోయినావు? ఎవరి కాగితం ఆఫీసు దాకా తీసుకుపోయినావు? ఎవరితో తగాదా పడి మళ్లీ మాట్లాడినావు? ఫెయిలైతే ఇంకో ఏడాది ఉండనీ. మాకేం అభ్యంతరం లేదు, అద్దె తక్కువే.

ఆ రాత్రి తరవాత ఏమైందో చెప్పాల. కూటం కాడ ఉన్న మా సంఘం పిల్లోడొకడు నోటుబుక్కు తెచ్చినాడు. గిటారు పిల్లోడు పక్కన కూర్చున్నాడు. అవ్వ చెప్తా ఉంటే వీడు రాసినాడు, వాడు చూసి నేర్చుకున్నాడు. దోవ ఎన్ని అడుగుల వెడల్పు ఉండేది, ఎప్పటి నుంచి ఉండేది, కంచె ఏ నెలలో ఏసినారు, కోడలు చనిపోయింది ఏ దినం, మోసింది ఎవరెవరు అని ఒక్కొక్కటే అడిగి రాసినారు. పదకొండు గంటలైంది. వ్యాను డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టినాడు. పిల్లోడు లేవలేదు. పొద్దున్నే తహశీల్దారు ఆఫీసులో అర్జీ ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకున్నాం. కంచె ఇంకా తీయలేదు. తిరగతా ఉన్నాం.

వచ్చే జూన్ నుంచి ఇద్దరు ముగ్గురు సెమినరీ పిల్లోళ్లను పెట్టుకోవడానికి మా పల్లెలు సిద్ధంగా ఉన్నాయి. సంఘం వాళ్లు గది చూస్తారు. వచ్చేవాళ్లు ఏం తెచ్చుకోవాలని అవ్వనడిగితే, "కొండగాలికి రాత్రిపూట చలి, దుప్పటి తెచ్చుకోమను. ఆ గిటారు కూడా తెమ్మను, పాట బాగానే పాడినాడు" అనింది.